పర్యావరణ టార్గెట్ పెట్టారు సరే, అది పనిచేస్తోందో లేదో మనం తేల్చుకునేది ఎలా?

"మా ఊరు ఎన్‌క్యాప్ లిస్టులో ఉందంట కదా, మరి గాలి బాగుపడినట్టా కాదా?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అవును కాదు అని ఒక్క ముక్కలో తేలేది కాదు, అందుకే నేను చూసే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నా. ఎన్‌క్యాప్ అంటే నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్, 2019 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మొదలుపెట్టింది, గాలి ప్రమాణం దాటిన నగరాల లిస్టు ఒకటి పెట్టుకుని. ఆ లిస్టులో మన దగ్గర ఆంధ్రాలో విజయవాడ, విశాఖ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, అనంతపురం, చిత్తూరు, ఏలూరు, కడప, ఒంగోలు, రాజమండ్రి, శ్రీకాకుళం, విజయనగరం, మొత్తం 13 ఉన్నాయి, తెలంగాణలో హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి అని 4. అంటే 17 ఊళ్ల జనం పీల్చే గాలి సంగతి ఇది, అందుకే ఉదాహరణలు ఎక్కువ గాలి నుంచే తీసుకుంటా. అడవులకైనా నదులకైనా కరెంటుకైనా చూసే పద్ధతి ఇదే, మధ్యలో వాటి సంగతులు కూడా వస్తాయి.

ముందు ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో గాలి, నీళ్లు, అడవి ఇప్పుడు ఎలా ఉన్నాయన్నది. రెండో గడిలో ఏం పనులు చేశారు, ఎంత ఖర్చు పెట్టారు అన్నది. మూడో గడిలో టార్గెట్ తప్పితే ఎవరు జవాబు చెప్పాలి అన్నది. సర్కారీ రిపోర్టులు చాలావరకు రెండో గడి నిండా ఉంటాయి, ఇన్ని స్వీపింగ్ మెషీన్లు కొన్నాం, ఇన్ని కోట్ల మొక్కలు నాటాం, ఇన్ని ఎంఎల్‌డీల (రోజుకి ఇన్ని మిలియన్ లీటర్ల) మురుగుశుద్ధి ప్లాంట్లు కట్టాం అని. అవన్నీ నిజమే అయ్యుండొచ్చు, కానీ మొదటి గడి ఖాళీగా ఉంటే టార్గెట్ పనిచేసిందని చెప్పడానికి లేదు. మూడో గడి ఖాళీగా ఉంటే, ఇప్పుడు పనిచేసినా రేపు పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. మూడూ విడివిడిగా నింపుకుంటూ వెళ్లాలి, కలిపేశారంటే లెక్క తప్పుతుంది.

టార్గెట్‌ని దాని అసలు మాటల్లోనే రాసుకోండి, ఎప్పుడెప్పుడు మారిందో కూడా

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ సగం విషయం ఇక్కడే బయటపడుతుంది. ఎన్‌క్యాప్ మొదట చెప్పిందేంటంటే, 2017తో పోలిస్తే 2024 కల్లా పీఎం 10, పీఎం 2.5 (గాల్లో తేలే 10, 2.5 మైక్రాన్ల లోపు రేణువులు) రెండూ 20 నుంచి 30 శాతం తగ్గాలి అని. అప్పుడు లిస్టులో 102 నగరాలు. తర్వాత లిస్టు 131 అయింది, గడువు 2025-26కి వెళ్లింది, టార్గెట్ 40 శాతానికి పెరిగింది, లేదా ఏడాది సగటు జాతీయ ప్రమాణం లోపలికి వచ్చినా చాలు అన్నారు. ఇదంతా చూస్తే టార్గెట్ గట్టిపడింది కదా అనిపిస్తుంది, ఒక రకంగా నిజమే. కానీ నగరాలకి మార్కులు వేసేటప్పుడు చూసేది పీఎం 10 ఒక్కటే, పీఎం 2.5 పక్కకి పోయింది.

ఇది ఎందుకంత పెద్ద విషయం అంటే, పీఎం 10లో రోడ్డు దుమ్ము, కన్‌స్ట్రక్షన్ మట్టి లాంటి పెద్ద రేణువుల వాటా ఎక్కువ. పీఎం 2.5 అనేది సన్నది, ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్తుంది, ఎక్కువగా ఏదో ఒకటి కాలడం వల్ల వస్తుంది, డీజిల్, బొగ్గు, కట్టెలు, చెత్త. దీనికి తోడు థర్మల్ ప్లాంట్ల నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాల్లో మారిపోయి సన్నటి సల్ఫేట్ రేణువులు తయారవుతాయి. రోడ్డు మీద నీళ్లు చల్లితే పీఎం 10 కొంత దిగుతుంది, పీఎం 2.5 దానికి లొంగదు. దేన్ని కొలుస్తామో పని కూడా దానివైపే పోతుంది కాబట్టి, కొలత మారింది అంటే మొత్తం ప్రోగ్రామ్ దారి మారినట్టే లెక్క.

గడువు జరగడం కూడా రాసుకోండి. థర్మల్ ప్లాంట్ల సంగతే చూడండి, 2015 డిసెంబర్లో సల్ఫర్ డయాక్సైడ్‌కి కొత్త పరిమితులు తెచ్చారు, 2017 కల్లా అమలు కావాలన్నారు, తర్వాత 2022 అన్నారు, ఆ తర్వాత ఇంకా ఇంకా జరిపారు, చివరికి 2025 జులైలో సుమారు 78 శాతం ప్లాంట్లకి ఆ సల్ఫర్ తీసే యంత్రాలు పెట్టే బాధ్యతే లేకుండా చేశారు. మీ కాగితం మీద ఈ తేదీలు ఒకదాని కింద ఒకటి రాస్తే చాలు, వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇంకో ప్రశ్న, అసలు ఆ ప్రమాణం సరైనదేనా? మన జాతీయ ప్రమాణం 2009లో పెట్టింది, ఏడాది సగటున ఘనమీటరు గాలికి పీఎం 10కి 60 మైక్రోగ్రాములు, పీఎం 2.5కి 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన అంకెలు 15, 5. అంటే మన ప్రమాణం అందుకున్న నగరంలో కూడా పీఎం 10 ఆ సంస్థ చెప్పినదానికి నాలుగింతలు, పీఎం 2.5 ఎనిమిదింతలు ఉండొచ్చు. రేపటికి రేపు పీఎం 10 15కి రావాలని నేననను, కానీ "ప్రమాణం అందుకుంది" అన్న మాటని "ఆరోగ్యానికి మంచిది" అని చదువుకోకూడదు. శాతాల టార్గెట్‌తో కూడా ఇదే చిక్కు. 200 ఉన్న నగరం 120కి వస్తే 40 శాతం టార్గెట్ కొట్టినట్టే, అయినా ప్రమాణానికి సరిగ్గా రెండింతలు ఉంది. అందుకని శాతం పక్కన అసలు అంకె ఎప్పుడూ రాయండి, ఎవరైనా శాతం ఒక్కటే చెప్తే అసలు అంకె ఎంత అని అడగండి.

ఆ పేరు కింద ఏమేం లెక్కేస్తున్నారు

అడవుల విషయంలో ఈ ప్రశ్న చాలా ముఖ్యం. 1988 జాతీయ అటవీ విధానం దేశంలో మూడో వంతు అడవి, చెట్లు ఉండాలంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2023 రిపోర్టు ప్రకారం అడవి 21.76 శాతం, దానికి చెట్లు కలిపితే 25.17 శాతం. ఇక్కడ అడవి అంటే ఏంటో వాళ్లే రిపోర్టులో చెప్తారు, ఒక హెక్టారు పైన ఉండి, చెట్ల నీడ 10 శాతం దాటితే చాలు, ఆ భూమి ఎవరిదైనా, ఏ చెట్లైనా లెక్కలోకి వస్తుంది. అంటే నల్లమల అడవీ వస్తుంది, యూకలిప్టస్ తోటా వస్తుంది, మామిడి తోటా వస్తుంది. శాటిలైట్ బొమ్మలో నీడ కనిపిస్తుంది కానీ ఆ నీడ కింద ఏముందో కనపడదు కదా.

2021 రిపోర్టులో అడవి బాగా పెరిగిన రాష్ట్రాల్లో మనవే మొదటి రెండు, ఆంధ్రప్రదేశ్ 647 చదరపు కిలోమీటర్లు, తెలంగాణ 632. అప్పుడు పేపర్లన్నీ ఆ అంకెలే వేశాయి. పెరగడం మంచిదే, నేను కాదనను, కానీ ఏం పెరిగింది అన్నది చూడాలంటే అదే రిపోర్టులో ఇంకో రెండు టేబుళ్లు తీయాలి. ఒకటి, ప్రభుత్వ రికార్డుల్లో అడవిగా ఉన్న భూమి హద్దుల లోపల ఎంత, బయట ఎంత అని విడగొట్టింది. రెండోది, చాలా దట్టమైన అడవి, ఓ మోస్తరు దట్టం, పలచటి అడవి ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి ఎంత మారిందో చూపించే టేబుల్. మొత్తం పెరిగి లోపల దట్టమైన అడవి పలచబడితే, చిరుతకీ ఎలుగుబంటికీ అది పెరిగినట్టు కాదు, బయట వేసిన తోటలు లోపలి లోటుని కప్పేశాయన్నమాట.

మొక్కల సంఖ్య ఇంకా బలహీనమైన కొలత. తెలంగాణలో హరితహారం 2015లో మొదలైనప్పుడు పచ్చదనం 24 శాతం నుంచి 33 శాతానికి తేవాలి అన్నారు, అది ఫలితం గురించిన టార్గెట్, బాగుంది. కానీ ఏటా బయటికొచ్చిన అంకె ఎన్ని కోట్ల మొక్కలు నాటాం అన్నదే. నాకు బాగా నచ్చింది తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018లో వచ్చింది, నాటిన వాటిలో 85 శాతం బతకాలని రాసి ఆ బాధ్యత సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి మీద పెట్టింది. సర్పంచ్‌కి అన్నేసి నిధులు, అన్ని అధికారాలు ఇచ్చారా అన్నది వేరే చర్చ, కానీ నాటడం దగ్గర ఆగకుండా బతకడం దాకా వెళ్లి, జవాబు చెప్పే మనిషిని కూడా చూపించిన టార్గెట్లు మన దగ్గర చాలా తక్కువ.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తా. బొగ్గు, గ్యాస్ లాంటివి కాకుండా వేరే వనరుల వాటా స్థాపిత సామర్థ్యంలో (ప్లాంట్లన్నీ కలిపి ఉత్పత్తి చెయ్యగలిగే దాంట్లో) 2030 కల్లా 40 శాతం అని 2015లో చెప్పారు, 2021లోనే దాటేశాం, తర్వాత 50 శాతం అన్నారు, 2025లో అదీ దాటాం. నిజంగా పెద్ద విజయం. కాకపోతే అది సామర్థ్యం, సోలార్ ప్లాంట్‌కి రాత్రిపూట పని లేదు కాబట్టి ఏడాదంతా మనం వాడే కరెంటులో ఆ వాటా సుమారు పావు వంతు దగ్గరే ఉంటుంది, మిగతాదాంట్లో సింహభాగం బొగ్గుదే. ఇంకో టార్గెట్, జీడీపీలో ప్రతి రూపాయికి వచ్చే ఉద్గారాలు తగ్గించడం. ఇది తగ్గుతూ ఉండగానే మొత్తం ఉద్గారాలు పెరగొచ్చు, ఎందుకంటే జీడీపీ ఇంకా వేగంగా పెరుగుతుంది. రెండూ అబద్ధం కావు, కానీ ఏది చెప్తున్నారో తెలుసుకుని చదవాలి.

అంకెల్ని విప్పి చూడటం

అసలు పని ఇక్కడుంది, ఓపిక కూడా ఇక్కడే కావాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సైట్లో స్టేషన్ల వారీగా డేటా దొరుకుతుంది. స్టేషన్లు రెండు రకాలు. పాతవి మాన్యువల్, మనిషి వెళ్లి ఫిల్టర్ పేపర్ మార్చాలి, వారానికి రెండు రోజులు, ఏడాదికి కనీసం 104 రోజుల కొలత ఉండాలని రూల్. కొత్తవి ఆటోమేటిక్, రోజంతా కొలుస్తూనే ఉంటాయి. మీ ఊళ్లో మొదటి ఏడాది మాన్యువల్ లెక్క, ఇప్పుడు ఆటోమేటిక్ లెక్క అయితే రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇంత శాతం తగ్గింది అనకండి, రెండు వేరే త్రాసుల మీద తూచినట్టు ఉంటుంది.

తర్వాత స్టేషన్లు ఎన్ని, ఎక్కడ అని చూడండి. ఒక ఊహించుకున్న లెక్క చెప్తా. 2017-18లో ఊరికి ఒకే స్టేషన్, బస్టాండ్ దగ్గర, ఏడాది సగటు 110. ఇప్పుడు మూడు స్టేషన్లు, బస్టాండ్ దగ్గర 105, యూనివర్సిటీ క్యాంపస్‌లో 70, ఊరవతల కాలనీలో 65. మూడింటి సగటు 80. రిపోర్టులో 27 శాతం తగ్గింది అని వస్తుంది, కానీ బస్టాండ్ పక్కన టీకొట్టు పెట్టుకున్నాయన పీల్చే గాలిలో తగ్గింది 5 మైక్రోగ్రాములే. ఇందులో ఎవరూ మోసం చెయ్యలేదు, స్టేషన్లు పెంచడం మంచి పనే, కానీ పోలిక మాత్రం తప్పు. దీనికి మందు చాలా సింపుల్, మొదటి ఏడాది నుంచి ఇప్పటిదాకా అదే చోట ఉన్న స్టేషన్లని మాత్రమే తీసుకుని పోల్చండి, కొత్తవాటిని విడిగా రాయండి.

ఇంకోటి, ఏ నెలల డేటా లేదు? నేనొకసారి ఒక ఊరి లెక్కలు చూసుకుంటూ ఆ ఏడు గాలి ఇంత బాగుందేంటా అని సంతోషపడి, తర్వాత నెలల వారీగా విప్పితే డిసెంబర్, జనవరి గడులు ఖాళీగా కనిపించాయి. మనకి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గాలి కిందికి దిగి కదలకుండా నిలబడిపోతుంది, పొగ పైకి పోదు, ఏడాదిలో చెడ్డ గాలి అప్పుడే. ఆ నాలుగు నెలల సగటు 120, మిగతా ఎనిమిది నెలలు 60 అనుకోండి, ఏడాది సగటు 80. అందులో డిసెంబర్, జనవరి ఎగిరిపోతే సగటు 72కి వస్తుంది. 10 శాతం తగ్గింపు, ఎవరూ ఏ పనీ చెయ్యకుండానే. కాబట్టి చలికాలం నాలుగు నెలలూ విడిగా ఒక లెక్క, మిగతా ఏడాది విడిగా ఒక లెక్క వేసుకోండి, ప్రతి నెలా ఎన్ని రోజుల డేటా ఉందో పక్కన రాయండి, సగం రోజులు కూడా లేని నెలని తీసి పక్కన పెట్టండి.

ఒక్క ఏడాదిని ఒక్క ఏడాదితో పోల్చకండి, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. వానలు ఎక్కువ పడిన ఏడు గాలి శుభ్రంగా ఉంటుంది, గాలులు మందగించిన చలికాలం చెడ్డగా ఉంటుంది. 2020-21 అయితే లాక్‌డౌన్ ఏడాది, దాన్ని ఏ పోలికలోనూ వాడొద్దు. మొదటి మూడేళ్ల సగటు, చివరి మూడేళ్ల సగటు, ఈ రెండింటినీ పోలిస్తే వాతావరణం చేసే గారడీ చాలావరకు పోతుంది.

ఇవన్నీ మనసులో పెట్టుకుని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పిన అంకె చదవండి. 2017-18తో పోలిస్తే 2024-25లో లిస్టులోని నగరాల్లో 103 చోట్ల పీఎం 10 తగ్గింది, 64 చోట్ల 20 శాతం దాటి తగ్గింది, 25 చోట్ల 40 శాతం దాకా లేదా అంతకన్నా ఎక్కువ, ప్రమాణం అందుకున్నవి 22. ఒకటే డేటా, మీరు 103 అన్న అంకె పట్టుకుంటే ప్రోగ్రామ్ హిట్టు, 22 పట్టుకుంటే ఇంకా చాలా దూరం. నేనైతే రెండూ రాస్తాను. దిశ మంచిదే, చేరాల్సిన చోటు దూరం.

తగ్గింది నిజమే అనుకుందాం, ఈ ప్రోగ్రామ్ వల్లే తగ్గిందా?

చాలామంది ఇక్కడిదాకా రారు. ఎన్‌క్యాప్ నడుస్తున్న సమయంలోనే వేరే పెద్ద మార్పులు జరిగాయి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్ 6 (పొగ మీద ఇంకా గట్టి ప్రమాణం) బళ్లు, ఇంధనం వచ్చాయి. 2016 నుంచి ఉజ్వల కింద కోట్ల ఇళ్లలోకి గ్యాస్ వెళ్లింది, కట్టెల పొగ కొంత తగ్గింది. కాబట్టి పరీక్ష ఏంటంటే, లిస్టులో లేని ఊళ్లతో పోల్చడం. తిరుపతి, కాకినాడ, వరంగల్ లిస్టులో లేవు. వాటిలో కూడా అదే వేగంతో తగ్గిందా? అయితే ఆ క్రెడిట్ ఎక్కువ భాగం దేశమంతా వచ్చిన మార్పులది. లిస్టులోని ఊళ్లలో ఇంకా వేగంగా తగ్గితే అప్పుడు ఎన్‌క్యాప్‌కి ఇవ్వొచ్చు.

ఈ పోలికలోనూ ఒక గుంట ఉంది, జాగ్రత్త. లిస్టులోకి వచ్చినవి ఏళ్ల తరబడి ప్రమాణం దాటాయని తెచ్చినవే, చెడ్డ అంకెల్ని చూసి ఏరినప్పుడు వాటిలో కొన్ని వాటంతట అవే తర్వాతి ఏళ్లలో కొంచెం కిందికి వస్తాయి. జ్వరం బాగా ఎక్కువ ఉన్న రోజు మందు వేసుకుంటే మర్నాడు తగ్గింది అంటాం, మందు వల్లో, జ్వరం తగ్గే టైమ్ వచ్చిందో ఒక్కసారికి చెప్పలేం కదా, అలాగే.

డబ్బు ఎటు పోయింది, అధికారం ఎవరి దగ్గరుంది

సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే ఢిల్లీ పరిశోధన సంస్థ వాళ్లు 2024లో లెక్క తీస్తే, ఎన్‌క్యాప్ కింద ఖర్చైన దాంట్లో 64 శాతం రోడ్డు దుమ్ము మీదకే పోయింది, పరిశ్రమల కాలుష్యం మీద 0.61 శాతం. పీఎం 10తోనే మార్కులు వేస్తారని పైన చెప్పాను చూడండి, దాని ఫలితమే ఇది. మున్సిపల్ కమిషనర్ స్థానంలో ఎవరున్నా రోడ్లు ఊడిపిస్తారు, ఎందుకంటే ఆయన చేతిలో ఉన్నది అదే, మార్కులొచ్చేదీ దానికే.

మీ ఊరి యాక్షన్ ప్లాన్ తీసుకుని ప్రతి లైను పక్కన ఇది చెయ్యగలిగే అధికారం ఎవరిది అని రాయండి. విజయవాడ సంగతే చూడండి, ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంట్ కార్పొరేషన్ హద్దుల్లో లేదు, కార్పొరేషన్ దాని మీద ఏమీ చెయ్యలేదు, కానీ గాలికి కార్పొరేషన్ హద్దులు తెలియవు. ఫ్యాక్టరీల మీద అధికారం కాలుష్య నియంత్రణ మండలిది, బళ్లు రవాణా శాఖవి, పంట వ్యర్థాల సంగతి వ్యవసాయ శాఖది. మార్కులు మాత్రం నగరానికి. ఎవరి చేతిలో లేని పని ఎన్ని లైన్లలో ఉందో లెక్కపెడితే ఆ ప్లాన్ ఎంత పనికొస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

ఒక చోట తగ్గింది అంటే ఇంకో చోటికి వెళ్లిందేమో కూడా చూడాలి. స్వీడన్ వాళ్లు 1999లో 15 పర్యావరణ లక్ష్యాలు పార్లమెంటులో పెట్టుకున్నారు, 2005లో పదహారోది కలిపారు, వాటన్నిటి పైన ఒక పెద్ద లక్ష్యం ఉంది, పెద్ద పర్యావరణ సమస్యలు తీరిపోయిన సమాజాన్ని వచ్చే తరానికి అప్పగించాలి, అదీ తమ సరిహద్దుల బయట సమస్యలు పెంచకుండా అని. ఆ చివరి ముక్క నాకు చాలా ఇష్టం. మన దగ్గర ఉదాహరణ కావాలంటే పటాన్‌చెరు, అక్కడి ఫ్యాక్టరీల వ్యర్థజలాల్ని శుద్ధిచేసి 18 కిలోమీటర్ల పైపులైనులో అంబర్‌పేట ప్లాంటుకి తరలించే ఏర్పాటు చేశారు, అక్కడి నుంచి వెళ్లేది మూసీలోకే. పటాన్‌చెరు పక్కన పారే నక్కవాగు నీళ్ల లెక్క ఒక్కటే చూసి పటాన్‌చెరు బాగుపడింది అని రాస్తే సగమే చెప్పినట్టు, కింద మూసీలో కూడా కొలిచి రాయాలి, ఆ నీళ్లతో వరి పండించే ఊళ్లు ఉన్నాయి అక్కడ.

పేపరు దిద్దేది ఎవరు

పరీక్ష రాసినవాళ్లే పేపరు దిద్దుకుంటే ఆ మార్కుల్ని ఎంత నమ్మాలో తెలిసిందే. స్వీడన్‌లో పర్యావరణ ఏజెన్సీ అందరినీ కలుపుకుని ప్రతి ఏటా ఒక లెక్క, నాలుగేళ్లకోసారి లోతైన మూల్యాంకనం ప్రభుత్వానికి ఇస్తుంది. అందులో రెండు విషయాలు విడివిడిగా చెప్తారు, లక్ష్యం చేరతామా లేదా అని ఒకటి, పరిస్థితి ఏ వైపు కదులుతోంది అని బాణం గుర్తుతో ఇంకోటి. లక్ష్యాల్లో చాలావాటికి గడువు 2020, ఎక్కువ భాగం చేరలేదు, ఆ మాట వాళ్ల ఏజెన్సీనే రాసింది. నెరవేరింది అని ధైర్యంగా చెప్పగలిగింది ఓజోన్ పొర లక్ష్యం, దాని వెనక 1987 మాంట్రియల్ ఒప్పందం ఉంది, ఫలానా రసాయనాలు ఫలానా తేదీ తర్వాత తయారుచెయ్యొద్దు అని దేశాలన్నిటినీ కట్టేసిన రూల్ అది. మూడో గడి ఎందుకు గీయమన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇంగ్లండ్‌లో 2021 చట్టంతో ప్రభుత్వానికి బయట ఒక ఆఫీసు పెట్టారు, ఆఫీస్ ఫర్ ఎన్విరాన్‌మెంటల్ ప్రొటెక్షన్ అని. 2024 జనవరిలో అది 40 టార్గెట్లు దిద్దింది. 4 చాలావరకు దారిలో ఉన్నాయి, 11 కొంతవరకు, 10 దారి తప్పాయి, మిగిలిన 15 గురించి ఆధారాలు చాలవు, చెప్పలేం అంది. ఈ "చెప్పలేం" అన్న గడి మన రిపోర్టుల్లో కనపడదు, మీరు తప్పకుండా పెట్టండి. డేటా లేకపోవడం కూడా ఒక ఫలితమే, దాన్ని పాస్‌లోనూ ఫెయిల్‌లోనూ కలపకూడదు.

మన దగ్గర శాఖలు తమ లెక్కలు తామే చెప్తాయి, దానికి బయట కాగ్ ఆడిట్లు, పార్లమెంటు కమిటీల రిపోర్టులు, ఎన్‌జీటీ (పర్యావరణ కేసులు చూసే ట్రిబ్యునల్) ఆదేశాలు ఉంటాయి, ఇవి మూడూ వెతికి చదవండి, శాఖ సైట్లో దొరకని సంగతులు వీటిలో దొరుకుతాయి. ఇక టార్గెట్ తప్పితే ఏమవుతుంది అంటే, ఎన్‌క్యాప్‌కి చట్టబద్ధత లేదు, తప్పిన వాళ్ల మీద శిక్ష లేదు. పనితీరుని బట్టి డబ్బు విడుదల అవుతుంది కాబట్టి తప్పిన నగరానికి నిధులు తగ్గొచ్చు. గాలి ఎక్కువ చెడిపోయిన చోటికే డబ్బు తక్కువ వెళ్లడం నాకు ఏమాత్రం సబబుగా అనిపించదు, ఆ నగరంలో పిల్లలకి దగ్గు వచ్చినందుకు ఆ పిల్లల వాటానే కోసినట్టు ఉంటుంది.

ఇక రాయడం మొదలుపెట్టండి

ఒక ఊరికి ఒక పేజీ చాలు. ఉదాహరణకి ఇలా రాయొచ్చు. "ప్రస్తుత పరిస్థితి: మొదటి నుంచీ ఉన్న రెండు స్టేషన్లలో మూడేళ్ల సగటు 84, ప్రమాణం 60. దిశ: మెల్లగా తగ్గుతోంది, చలికాలంలో మాత్రం మార్పు లేదు. పీఎం 2.5: 2021 ముందు డేటా లేదు, చెప్పలేం. లిస్టులో లేని పక్క ఊరు: దాదాపు ఇంతే తగ్గింది. ఖర్చు: ఎక్కువ భాగం స్వీపింగ్ మెషీన్లు. ప్లాన్‌లో 30 పనులు, నగరం చేతిలో ఉన్నవి 14." ఇందులో అంకెలు నేను ఊరికే వేసినవి, మీవి మీరు వేసుకోండి, కానీ వరస ఇదే ఉంచండి, పరిస్థితి ముందు, ఖర్చు ఆఖర్లో. పాసా ఫెయిలా అన్న ఒక్క మాట అడుగుతారు అందరూ, ఆ ఒక్క మాట ఇవ్వకండి, ఈ వరసే చూపించండి.

దొరకని వాటికి ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) పెట్టండి, కేంద్ర శాఖలకి ఫీజు 10 రూపాయలు, జవాబుకి 30 రోజులు. ప్రశ్న ఎంత చిన్నగా ఉంటే అంత మంచి జవాబొస్తుంది. "మా ఊళ్లో కాలుష్యం ఎందుకు తగ్గలేదు" అని అడిగితే పేరా నిండా మాటలొస్తాయి. "ఫలానా స్టేషన్‌లో 2017 ఏప్రిల్ నుంచి ప్రతి నెలా ఎన్ని రోజులు పీఎం 10 కొలిచారు, ఆ నెల సగటు ఎంత" అని అడగండి, ఇంకో దరఖాస్తులో "స్టేషన్ ఏ తేదీన ఎక్కడి నుంచి ఎక్కడికి మార్చారు" అని, మూడో దాంట్లో "ఫలానా ఏడాది విడుదలైన నిధుల్లో పని వారీగా ఖర్చు" అని. స్టేషన్ వివరాలు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని, ఖర్చు వివరాలు మున్సిపాలిటీని అడగాలి, రాష్ట్ర ఆఫీసులకి ఫీజు ఎంత, ఎలా కట్టాలి అన్నది ముందే కనుక్కోండి. నవంబర్ వచ్చేలోపు పెట్టేస్తే జవాబులు వచ్చేసరికి చలికాలం మొదలవుతుంది, అప్పుడు పాత చలికాలాల లెక్క చేతిలో పెట్టుకుని ఈ ఏడు అంకెల్ని రోజూ పక్కన రాసుకుంటూ పోవచ్చు.